ఎండ ఉంటేనే తిరిగే ఫ్యాన్లు

టమాటా విత్తనాల పొట్లం మీద మా ఆవిడ చేతిరాత ఉంది: "నీళ్ళు తక్కువ. ఈయన చేతికి ఇవ్వొద్దు." ఆమె చనిపోయిన నెలకు ఆ మాట కాదని సగం విత్తనాలు కుండీల్లో చల్లి, రెండు పూటలా నీళ్ళు పోశాను. అన్నీ కుళ్ళిపోయాయి. మిగిలిన సగాన్ని గుడియాత్తంలో ఉన్న ఆమె పిన్ని కొడుకు మునిరత్నానికి పంపాను. అతను మగ్గం మానేసి పాలీహౌస్‌లో నారు పెంచుతున్నాడు. నారు సిద్ధమైందని ఫోన్ చేస్తే బయల్దేరాను.

చిత్తూరులో ఏడున్నరకు బస్సు. తొమ్మిదికి వేలూరులో దిగి ఇడ్లీ తిని గుడియాత్తం బస్సెక్కాను. మందుల సంచితో ఆసుపత్రి నుంచి వస్తున్న పెద్దాయన నా ఒళ్ళో అట్టపెట్టె చూశాడు.

"దీంట్లో ఏముండాదప్పా?"

"ఇంకా ఏమీ లేదు."

"అట్లయితే ఇది పెట్టుకో" అని తన సంచి అందులో పెట్టేసి నిద్రపోయాడు.

పదిన్నరకు మునిరత్నం బండి మీద తీసుకెళ్ళాడు. పాలీహౌస్ అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన పెద్ద గది. ఒక పక్క నీళ్ళు కారే అట్టల గోడ, ఎదుటి పక్క రెండు పెద్ద ఫ్యాన్లు. అవి తడి అట్టల మీదుగా గాలిని లాగి లోపల చల్లబరుస్తాయి. కరెంటు బయటున్న నాలుగు సోలార్ పలకలది.

"బ్యాటరీ లేదా?"

"ఎందుకు బావా? ఎండ కాస్తే ఫ్యాను తిరగతాది. ఎండ లేకుంటే ఫ్యానుతో ఏం పని?"

లోపలికెళ్ళి చూశాను. మా ఆవిడ విత్తనాల నారు ఒక్కటే ట్రే. అది పోతే ఇక విత్తనం లేదు.

పన్నెండున్నరకు అన్నం తింటుంటే ఫ్యాన్ల చప్పుడు ఆగింది. పరుగెత్తాం. లోపల నలభై రెండు డిగ్రీలు. నారు తలలు వాల్చేసింది. మునిరత్నం వైర్లు పీకాడు, మళ్ళీ పెట్టాడు, మెకానిక్కుకు ఫోన్ చేశాడు. "ఆలంగాయంలో ఉండాడంట. సాయంత్రం వస్తాడంట."

నాకు ఏ పనీ చేతకాదు కనుక బయటికొచ్చి నిలబడ్డాను. సోలార్ పలకల మీద గంజి పెట్టిన ఎర్ర నూలు పరిచి ఉంది. మునిరత్నం తల్లి నీడలో కూర్చుని, కర్రతో కాకుల్ని తోలుతోంది.

"ఇక్కడ ఆరేశావేం అత్తా?"

"నున్నగా, ఏటవాలుగా, ఎండకెదురుగా ఉండాదే నాయనా. నా నూలు కోసమే కట్టినాడనుకుంటి."

మునిరత్నం వచ్చి తల పట్టుకున్నాడు. "ఊరంతా ఎండే గదమ్మా. యాడా చోటు లేదా నీకు?"

"మగ్గం ఇడిసినోడివి, నూలుకు చోటు నువ్వు చెప్తావా?"

నూలు తీసిన నిమిషానికి ఫ్యాన్లు తిరిగాయి. మూడింటికి లోపల ముప్పై ఒకటి. నాలుగు మొక్కలు తప్ప అన్నీ తల ఎత్తాయి. అత్త నారంతా అట్టపెట్టెలో సర్దింది. ఎర్ర నూలు పోగులతో నా పెట్టె కట్టి ఇచ్చింది.

ఐదింటికి కాట్పాడి వైపు రైలు. ఆ పాలీహౌస్ చూడదలచినవారు మిట్టమధ్యాహ్నం వెళ్ళండి, ఆ ఫ్యాన్ల సత్తా అప్పుడే తెలుస్తుంది. అన్నానికి కూర్చునే ముందు మాత్రం పలకల వైపు ఒకసారి చూడండి.

రైల్లో ఎదురుగా కూర్చున్న ఆమె పెట్టెలోకి తొంగి చూసి నీళ్ళ సీసా చాపింది. "వాడిపోతాండాయన్నా. రోంత పొయ్యి."

చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాను. "వద్దమ్మా. మా ఆవిడ నన్ను పొయ్యొద్దనింది."

"మంచి పని చేసింది. ఇంటికి పోయినాక ఆమెనే పొయ్యమను."

సరేనన్నాను.