పసుపు పూసిన రెండో రిమోట్

కొత్తింటికి సామాను సర్దుతుంటే ఒక అట్టపెట్టె అడుగున, పాత వైర్ల మధ్య, మా చిన్నప్పటి ఆటల డబ్బా రెండో రిమోట్ దొరికింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ప్లాస్టిక్ వాసనే వచ్చింది గానీ, బటన్ల చుట్టూ సందుల్లో మా నాయినమ్మ పూసిన పసుపు ఇంకా అంటుకునే ఉంది. వచ్చే వారం జగిత్యాలలో మా గృహప్రవేశం. ఇలాంటి చెత్తంతా కొత్తింటికి ఎందుకని మా ఆయన గొణుగుతూనే ఉన్నాడు. నేను వినలేదు, వినను కూడా.

కోరుట్లలో మా పెంకుటింట్లో ఎండాకాలం అంటే, తాత మోకు భుజాన వేసుకుని తాటిచెట్లెక్కి దించుకొచ్చిన కల్లు పులుపు వాసన వాకిలంతా నిండడం, ముంజల నీళ్లు మోచేతుల దాకా కారడం, ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్కలకు పళ్లు పులిసిపోవడం, నాయినమ్మ గంజుగిన్నెలో ఒత్తి కాల్చిన సర్వపిండి మాడు కోసం పిల్లలం కొట్టుకోవడం, మధ్యాహ్నం అరుగు మీద ఆమె అష్టాచెమ్మా ఆడుతూ సిగ్గు లేకుండా తొండి చేయడం. నోరు తెరిస్తే తిట్లు, బుగ్గన పొగాకు, ఆమె ముందు వాడంతా హడలేది. అలాంటి ఒక ఎండాకాలంలో మా బాపు దుబాయ్ నుంచి టీవీకి తగిలించే ఆటల డబ్బా తెచ్చాడు. దానికి ఒక్కటే క్యాసెట్.

అందులో ఇద్దరే మొనగాళ్లు. మొదటి రిమోట్ పట్టినవాళ్లకు తెల్లోడు వచ్చేవాడు: రెక్కలు, తల వెనుక వెలుగు చక్రం, చేతిలో శిలువలా నిలబడే పొడుగు కత్తి. రెండో రిమోట్‌ది నల్లోడు: కొమ్ములు, వేలాడే నాలుక, నడుముకు ఆకుల మండలు, చేతిలో కొరడా. వెనక వరుసగా గుడిసెలు. వీళ్లిద్దరూ కొట్టుకుంటుంటే గుడిసెలు అంటుకునేవి, లోపలి నుంచి చీమలంత మనుషులు బయటికి ఉరికేవాళ్లు. ఎవడు మంచోడో తెర మీద రాసే ఉండేదేమో గానీ, అది మా బడిలో సార్లకు కూడా రాని ఏదో దేశపు లిపి. కాబట్టి తీర్పు మేమే చెప్పుకోవాల్సి వచ్చింది.

రూతుదీ నాదీ బడిలో ఒకటే బెంచీ. వాళ్ల బాపు పసుపు చేన్లలో కూలికి పోయేవాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. వాళ్ల గోడ మీది క్యాలెండర్‌లో దేవదూత అచ్చం తెల్లోడిలాగే ఉంటాడని రూతు ఎప్పుడూ మొదటి రిమోటే పట్టేది.

“గా కొమ్ములోడు సైతాను. ముట్టద్దని మా బాపు చెప్పిండు,” అనేది.

నాయినమ్మ ఒప్పుకునేది కాదు. “సైతానేంది బిడ్డా? గా కొరడా సూడు, నడుముకు మండలు సూడు. గాయన మన పోతరాజు, ఎల్లమ్మకు తమ్ముడు. గా నాలిక బయటోళ్లను బెదిరియ్యనీకి, మనల గాదు.”

ఎల్లమ్మ పండుగ నాడు గడపకూ రోలుకూ కత్తిపీటకూ పసుపు పూసిన చేత్తోనే రెండో రిమోట్‌కూ పూసింది. అప్పటినుంచి రూతు దాని వంక చూడనైనా చూసేది కాదు. గుడిసెలు కాలుస్తున్నది నీవాడంటే నీవాడని మాకు రోజూ జుట్లు పట్టుకునేంత పోట్లాట. రూతు మా రిమోట్ ముట్టకపోతే మావాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? ఆమెకు మా ఇంట్లో నీళ్లు వేరే గ్లాసులో పోసేవాళ్లు. ఆ గ్లాసు గూట్లో విడిగా బోర్లించి ఉండేది. బోర్లించింది నాయినమ్మే.

సిరిసిల్లలో బట్టల దుకాణం నడిపే మా పెద్దనాయిన ఆ పండుగైన పది రోజులకు వచ్చాడు. తెల్లటి బట్టలు, నుదుటి నిండా విభూది, మాట మెత్తన. దేవుడిలాంటి మనిషి అని అందరూ అనేవాళ్లు. అది అబద్ధమూ కాదు, నాకు టైఫాయిడ్ వస్తే భుజాన వేసుకుని దవాఖానకు ఉరికింది ఆయనే. నడింట్లో మా చాప మీద కూర్చుని, నా పళ్లెంలోనే సర్వపిండి తింటున్న రూతును చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

“అవ్వా, గీ పిల్లను నడింట్ల కూసోబెట్టినవా? రేపటి సంది రావద్దని చెప్పు. లేకుంటే గీ ఇంట్ల నేను మంచినీళ్లు ముట్ట.”

రూతు చేతిలోని ముక్క పళ్లెంలో పెట్టేసి లేవబోయింది. నాయినమ్మ ముందు లేచింది. ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వని తన ఇత్తడి చెంబు కడవలో ముంచి రూతు చేతికిచ్చింది.

“తాగు బిడ్డా. గా పిల్ల అస్తది కొడుకా. నీళ్లు ముడితే ముట్టు, లేకుంటే నీ ఇష్టం.”

రూతు చెంబుకు మూతి పెట్టి తాగింది. మూతి తుడుచుకుని, మొదటి రిమోట్ నా ఒళ్లో పడేసి, పసుపు రిమోట్ తీసుకుంది. వాళ్ల ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆట మొదలైంది. నేను ఎర్ర బటన్ నొక్కితే తెల్లోడి కత్తి నుంచి వెలుగు చిమ్మింది, గుడిసె భగ్గుమంది. నా బొటనవేలు కిందే భగ్గుమంది. రూతు ఆడిస్తున్న నల్లోడు చేతులు చాపి తక్కిన గుడిసెలకు అడ్డం నిలబడ్డాడు. అడ్డం నిలబడుతూనే వాడు తిప్పిన కొరడా తగిలి ఆ చీమలంత మనుషులు కొందరు పడిపోయారు కూడా, అదీ చూశాం. ఆ రోజు తర్వాత ఎవడు దేవుడని మేం కొట్లాడుకోలేదు. పెద్దనాయిన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు, ఆ ఎండాకాలమంతా మా గడప తొక్కలేదు. పెద్దకొడుకు అలిగిపోయాడని నాయినమ్మ పెరట్లో కూర్చుని ఏడ్చింది. కానీ ఆ గ్లాసు మళ్లీ గూట్లో కనపడలేదు.

ఇప్పుడు నాయినమ్మ లేదు. పెంకుటిల్లు పోయి దుకాణాల మడిగెలు లేచాయి, తాత ఎక్కిన తాటిచెట్ల చోట ప్లాట్ల రాళ్లు పాతారు, ఆ డబ్బా ఏ పాతసామాను బండిలో పోయిందో తెలియదు. పోనిది పెద్దనాయిన పట్టింపు ఒక్కటే. నిన్న పెద్దనాయిన సిరిసిల్ల నుంచి ఫోన్ చేశాడు, మాట అదే మెత్తన: “రూతును పిలిస్తే పిలువు బిడ్డా. భోజనాలకు మొదటి బంతిల మాత్రం కూసోబెట్టకు. మనోళ్లు చూస్తరు.”

“చూడనీ పెద్దనాయినా. చూడాల్ననే కూసోబెడుతున్న. నీ కుర్చీ ఆమె పక్కనే ఏస్త. అచ్చుడు రాకపోవుడు నీ ఇష్టం.”

ఆ వెంటనే రూతుకు ఫోన్ చేశాను. జగిత్యాల దవాఖానలోనే నర్సు, డ్యూటీలో ఉంది. సంగతంతా విన్నది.

“నల్లోడున్నడా?” అని అడిగింది.

“ఉన్నడు. రిమోట్ మీద పసుపు గూడ పోలే.”

“గైతే అస్త.”

కొత్తింటి గుమ్మానికి కొమ్ములూ నాలుకా ఉన్న దిష్టిబొమ్మ కొనుక్కొస్తానని మా ఆయన బయల్దేరబోతే వద్దన్నాను. మేకు కొట్టించి, రెండో రిమోట్‌ను వైరుతో సహా అక్కడ వేలాడదీశాను.