గేటు దాకా

మామ పోయాక సింగానల్లూరులోని మా అత్త ఏడాదిపాటు గడప దాటలేదు. దిగులుతో ఉద్యోగం మానేసిన నేను ఆమెకు తోడున్నాను. కొత్త సంవత్సరం రోజున, వేకువనే లేవాలి, యోగా చేయాలి, ఏడవకూడదు అంటూ నాకోసం పన్నెండు తీర్మానాలు రాసి వినిపించాను.

"ఇన్ని యాల కన్నూ? మనసును రవ్వంత అడుగు, ఇస్తుంది," అని నవ్వింది. "నేను ఈ వారం గేటు దాకా పోతాను. అంతే."

పోయింది. గేటు పట్టుకుని ఒక టౌన్ బస్సు వెళ్లేదాకా నిలబడింది. తర్వాతి వారం పూలకొట్టు దాకా. ఫిబ్రవరి చివర, మాసి నెలలో, నాతో కారమడై గుడి తేరుకు వచ్చింది. జనంలో నా చేయి నొక్కి, "భయమే కన్నూ. అయినా వస్తిమే!" అంది.

అందరూ నన్ను "బాగున్నావా?" అని అడుగుతారు. ఆమె మాత్రం చివరి రోజు దాకా "నేడు ఎంత దూరం పోయినావు?" అనేది. నిన్న ఒక్కదాన్నే పక్క ఊరు సూలూరు దాకా వెళ్లొచ్చాను. చెప్పుకోవడానికి ఆమె లేదు.