పూడికకు కాపలా

ఆ రోజుల్లో మా వైపు పల్లెల్లో కాలువ ఎవరిదని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఐరాల పక్కనున్న ఒక ఊరికి ఆ ప్రశ్నను మోసుకుపోయిన ఘనత నాదే. నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. టెర్లిన్ చొక్కా, భుజాన కొలత టేపు. (కొలవమని నాకెవరూ చెప్పలేదు, అయినా మోసేవాణ్ణి.) కొండ నీళ్లను చెరువులోకి తెచ్చే కాలువ ఒకటుంది ఆ ఊళ్లో. ఏటా వానలకు ముందు ఇంటికొక మనిషి పార పట్టుకుని దిగి పూడిక తీసేవాళ్లు. ఆ రోజు గట్టు మీద ఊరందరికీ ఒకటే వంట, రాగి సంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. వండేది సంగటవ్వ. నేను రోజూ అన్నం తినేది ఆమె ఇంట్లోనే. ఒంటరి మనిషి. చెరువు కింద చిన్న మడి, చెరువు నిండితేనే ఆ ఏడు పంట.

ఆ ఏడు పూడిక తీతకు సర్కారు డబ్బు మంజూరయింది. పారలతో బయల్దేరిన జనానికి అడ్డం నిలబడి, "ఎవరూ ముట్టుకోవద్దు, ఇంజనీరుగారు వచ్చి కొలిచాకే పని. ముందే తీసేస్తే బిల్లు రాదు" అన్నాను. "సర్కారే సేస్తామంటా ఉంటే మనకెందుకప్పా నడుం నొప్పి" అని ఊరి పెద్దాయన వెనక్కి తిరిగాడు. అందరూ తిరిగారు. అయితే ఇల్లు అలకడానికని ఒకరు, పొయ్యి వేయడానికని ఒకరు తట్టలతో ఆ మన్ను ఎత్తుకుపోతుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కొలత తగ్గిపోదూ? గొడుగేసుకుని పూడికకు కాపలా కూర్చున్నాను. సంగటవ్వ అక్కడికే అన్నం తెచ్చి, "ఏం నాయనా, నీ మన్ను బాగుండాదా?" అని మంచాన పడ్డవాళ్లను పలకరించినట్టు అడిగేది. ఇంజనీరుగారి జీపు ఒకసారి పలమనేరులో ఉందనీ, ఇంకోసారి చిత్తూరులో మీటింగనీ కబుర్లు మాత్రం వచ్చేవి.

ఒక మధ్యాహ్నం కొండమీద మబ్బు నల్లగా దిగింది. ఆ రోజు అవ్వ అన్నం తేలేదు, పార తెచ్చింది.

"అవ్వా, బిల్లు రాదు" అన్నాను.

"రాకుంటే పోనీ. నీ బిల్లు నా మడికి పారతాదా?" అని కాలువలోకి దిగింది. అది చూసి పెద్దాయన వీధిలోకి పోయి, "ఇంటికొగ మనిషి రాండప్పా" అని కేకేశాడు. జనం వచ్చేశారు. గట్టు మీద నేనొక్కణ్ణే మిగిలాను. అవ్వ నడుం పట్టుకుని పైకెక్కి, "నా సేత కాదు. మా ఇంట్లో తింటా ఉండావు గదా, మా ఇంటి మనిషివి నువ్వే. పట్టు" అని పార నా చేతికిచ్చింది. టెర్లిన్ చొక్కా విప్పి దిగాను. పొద్దు గూకేలోగా వానా వచ్చింది, మా కాళ్ల మధ్య నుంచి ఎర్రనీళ్లు చెరువుకు పరుగెత్తాయి. చెరువు నిండాక జీపు వచ్చింది. "పూడిక ఏదయ్యా?" అని ఇంజనీరుగారు అడిగితే, "ముందు ఇంత సంగటి తినండి సారూ" అంది అవ్వ. ఆయన తిన్నారు. నన్ను తిట్టారు కూడా, తిన్నాకే.

తర్వాత్తర్వాత ఆ కాలువ పూర్తిగా సర్కారుదయింది. డబ్బు వచ్చిన ఏడు బాగుపడేది, రాని ఏడు ఊరు ఎదురుచూసేది. సర్కారు డబ్బు ఇవ్వాల్సిందే, నేనిప్పటికీ అదే అంటాను. కానీ ఆ కేక ఆగిపోయింది. అది తలుచుకుంటే ఈ వయసులోనూ మనసు గట్టుమీది సంగటి కోసం ఆకలిగొంటుంది.

మొన్న తిరుపతిలో మా ఇంటి ముందు కాలువ పూడిపోతే ఆఫీసుకు ఫోన్ చేశాను. "మీరు ముట్టుకోవద్దు సార్, మావాళ్లొచ్చి కొలుస్తారు" అన్నాడెవరో కుర్రాడు. గొంతు అచ్చం నాదే. నవ్వుకుంటూ లేచి, చొక్కా విప్పి, ఇల్లంతా వెతికాను. మా ఇంట్లో పార లేదు.