విచ్చిన కజ్జికాయ

ఎనభైల్లో గురజాలలో మా పక్కింటి ఆమెను అందరం లంక పిన్ని అనేవాళ్లం. ఆమె పుట్టిల్లు కృష్ణ నడుమనున్న ఒక లంక ఊరు. మగవాళ్లు పడవెక్కే రోజున అక్కడ కజ్జికాయలు వండుతారట. ఒక్కటి నూనెలో విచ్చినా ఆ రోజు పడవ కదలదు. అందుకే ఆమె బొటనవేలితో అంచును తాడు పేనినట్టు మడిచేది. ఆమె చేతి కజ్జికాయ విచ్చగా నేను చూడలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఉదయం ఆమె భర్త, మా బాబాయి, ఒక హత్య కేసులో సాక్ష్యం చెప్పడానికి నరసరావుపేట కోర్టుకు వెళ్లాలి. నోరు విప్పితే చంపుతామని ముందురోజే కబురొచ్చింది. నేను చూస్తుండగానే పిన్ని ఒకదాని అంచు మడవకుండా నూనెలో వదిలింది. అది విచ్చుకుని లోపలి కొబ్బరి, బెల్లం నల్లగా మాడిపోయాయి.

“విచ్చింది. ఇయ్యాల పోమాక,” అంది.

బాబాయి మూకుట్లోకి చూశాడు. “ఏమే, అదే విచ్చిందా, నువ్వే వదిలేశావా?”

ఆమె తల దించుకుంది.

“నేనెక్కేది బస్సు గదే, పడవ కాదు,” అని నవ్వబోయి, నవ్వలేక వెళ్లిపోయాడు.

పగలంతా పిన్ని అరుగు మీదే కూర్చుంది. బస్సు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడేది. సాయంత్రం ఆయన వచ్చాడు.

“చూసింది చూసినట్టు చెప్పి వచ్చా,” అన్నాడు.

ఆమె ఆయన్ను లోపలికి లాగి, వీధి అటూ ఇటూ చూసి తలుపు గడియ పెట్టింది. అప్పటికింకా ఎండ పోలేదు.