నీళ్లు తిన్న కడ్డీ

ఆలేరు స్టేషన్ రోడ్డులో డాక్టర్ నిర్మలమ్మ ఇంటికి పాలు తెచ్చేవాడు గుమ్మంలో ఆగి, ముందు తానొక గుక్క తాగి చూపించాలి. చెన్నయ్య పెట్టిన రివాజు అది. కూరగాయల యాదమ్మ తక్కెడ ఎత్తి, రెండు పళ్లేలూ ఖాళీగా ఉన్నప్పుడు సమంగా నిలుస్తున్నాయని చూపించాలి. ఉత్తరాలు తెచ్చే మనిషి సంచిని గోడ అవతలే పెట్టి లోపలికి రావాలి. డాక్టరమ్మకు ఇవన్నీ తెలుసు. నవ్వేదే తప్ప వద్దని ఎన్నడూ అనలేదు.

యాదమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "చెన్నన్న తన నీడను సుత జేబులు తడిమినంకనే ఇంట్లకు రానిస్తడు" అని వాడకంతా చెప్పేది.

పుట్టుకతో ఎవడూ ఇట్లా ఉండడు. చెన్నయ్య దేవరకొండ అవతల గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాడు. సొంత మంద లేదు. రైతు భీమయ్య మందకు జీతం ఉన్నాడు. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. అడవిలో జీవం చస్తే కాపరి దాని చెవి కోసి తెచ్చి యజమాని ముందు పెట్టాలి. చెవి మీద ఏ మంద గంటు ఆ మందకు ఉంటుంది. గంటు సరిపోతే జీవం చచ్చినట్టు. చెవి లేకపోతే కాపరి అమ్ముకున్నట్టు, లేదా కోసుకు తిన్నట్టు. "తోడేలు తిన్నది" అనే మాటకు ఆ ఊళ్లో ఎవరూ చెవి ఒగ్గేవారు కాదు. దొంగ కాపర్లందరూ చెప్పే మాట అదే గనక.

ఒక వానాకాలం చెన్నయ్య మందలోంచి మేలైన పొట్టేలును నిజంగానే తోడేలు ఎత్తుకుపోయింది. వెంటపడి గుట్టలన్నీ తిరిగాడు. కాళ్లకు ముండ్లు దిగాయి తప్ప చెవి దొరకలేదు. పెద్దమనుషులు కూర్చున్నారు. చెవి ఏదిరా అన్నారు. దొరకలేదన్నాడు. "అయితే తిన్నది తోడేలు కాదు, నువ్వే" అన్నాడు భీమయ్య. అంతే తీర్పు. చెన్నయ్యకు అప్పటికి ఇరవై ఆరేళ్లు. ఆ మాట మోసుకుంటూ ఊరు విడిచాడు.

రెండు నెలలకు కట్టెలు కొట్టేవాళ్లకు పొదలో పొట్టేలు తల కనిపించింది. ఎండిన చెవి, దాని మీద గంటు. ఊరంతా చూసింది. చెన్నయ్య తల్లి సత్తమ్మ మనిషి చేత కబురు పంపింది. కానీ భీమయ్య నోరు విప్పలేదు. పెద్దమనుషులూ విప్పలేదు. అనడానికి ఊరంతా కూర్చున్నారు గాని, అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఒక్కడూ లేచి నిలబడలేదు.

ఆలేరులో గూడ్సు బండ్ల దగ్గర మూటలు మోస్తుండగా చెన్నయ్య కాలు విరిగింది. ఊరికి కొత్తగా వచ్చిన నిర్మలమ్మ కట్టు కట్టి, మూడు నెలలు తన వసారాలోనే పడుకోనిచ్చింది. కాలు కుదిరాక ఇంటి తాళాలు చేతికిచ్చింది. చెన్నయ్య మూడు రోజులు వాటిని ముట్టుకోలేదు.

"నాకియ్యకమ్మా. రేపు ఏదన్న పోతే నన్నే అంటరు."

"పోతే ఇద్దరం కలిసి వెతుకుదాం" అంది ఆమె.

ఆ మాట మీద తాళాలు తీసుకున్నాడు. పన్నెండేళ్లలో చెంచా కూడా పోలేదు. పోతే ఆ పాత మాట మళ్లీ ఎవరో ఒకరు అంటారని, ఈసారి ఈ ఇల్లు కూడా విడిచిపోవాలని అతడి భయం. బిందె, గరిటె, రోకలి, ప్రతి సామాను మీదా ఆకురాయితో రెండు గంట్లు పెట్టాడు. చిన్నప్పుడు గొర్రెల చెవులకు పెట్టిన గంట్లే అవి.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో డాక్టరమ్మ కరెంటు గీజరు తెప్పించింది. అప్పటిదాకా పెరట్లో మూడు రాళ్ల మీద కాగు పెట్టి నీళ్లు కాచేది చెన్నయ్యే. సికింద్రాబాదు నుంచి వచ్చినవాళ్లు స్నానాల గది గోడకు తొట్టి బిగించి, దాని నెత్తిన ఉన్న రంధ్రంలోకి ఒక కడ్డీ దించారు. బొటనవేలంత లావు, మోచేయి నుంచి వేలికొస దాకా పొడవు, వెండిలా తెల్లగా ఉంది. పైన బిగించేందుకు ఆరు పలకల తల. చెన్నయ్య వాళ్లను ఆపి, ఆ తల మీద కూడా రెండు గంట్లు పెట్టాకే బిగించనిచ్చాడు. ఇంత విలువైన లోహాన్ని ఎవరి కంటా పడకుండా తొట్టిలో ఎందుకు దాస్తున్నారో అతడికి అర్థం కాలేదు. అర్థం కానిదాని మీద ఒక కన్నేసి ఉంచాడు.

నాలుగేళ్లకు వేడినీళ్లు ఎర్రగా, మురిగిన కోడిగుడ్డు వాసనతో రావడం మొదలైంది. భువనగిరిలో బుచ్చయ్య అనే మిస్త్రీ ఉన్నాడని విని డాక్టరమ్మ కబురు చేసింది. అతడు వచ్చే రోజే ఆమె జనగామలో ఒక కాన్పు చేయడానికి పోవాల్సి వచ్చింది.

"మూడు గంటల బండికి వస్తాను. పని చేయనియ్యి. అతని సంచి మాత్రం ముట్టుకోకు, చెన్నయ్యా. పోయినసారి నల్లా మిస్త్రీ నీ తనిఖీకి జడిసి సగంలో విడిచిపోయిండు."

"ముట్టుకోనమ్మా" అన్నాడు. అన్నప్పటి నుంచి ఆ సంచిలో ఏముంటుందోనని అరచేతులు దురద పెట్టాయి.

బుచ్చయ్య పొద్దటి బండికి దిగాడు. ముప్పై ఐదేళ్ల మనిషి, నోట్లో పాన్, భుజాన నిండుగా ఉబ్బిన కాన్వాసు సంచి. మెయిన్ బంద్ చేసి, తొట్టిలోని నీళ్లు వదిలి, పెద్ద పానాతో కడ్డీ తలకాయను తిప్పబోయాడు. చెన్నయ్య గుమ్మంలో నిలబడి రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"ఏందన్నా, పెండ్లిచూపులకు వచ్చినట్టు గట్ల చూస్తున్నవ్?"

"నువ్వు పని చెయ్యి. చూసుడు నా పని."

"అయితే చూసుకుంట జర కొబ్బరినూనె తెచ్చిపెట్టు. తలకాయ బిగుసుకపోయింది."

చెన్నయ్యకు వెళ్లడం ఇష్టం లేదు. వెళ్లకపోతే పని కాదు. వంటింట్లోకి ఉరికాడు. నూనె సీసా ఎప్పుడూ ఉండే చోట లేదు. వెతికి తెచ్చేసరికి తలకాయ తనంతట తనే వదులైంది. బుచ్చయ్య దాన్ని పైకి లాగేశాడు. అతడి చేతిలో ఉన్నది చీపురుపుల్ల లావు తీగ. అక్కడక్కడా సున్నపు పెంకుల్లాంటి ముద్దలు అంటుకుని ఉన్నాయి.

"కడ్డీ ఏది?"

"గిదే."

"గది తీగ. నేనడిగింది కడ్డీ. గింత లావుండె. నా కండ్లతోటి చూసిన."

"కడ్డీనే అన్నా. నీళ్లు తిన్నయి."

చెన్నయ్య నూనె సీసాను మెల్లగా కింద పెట్టాడు. తోడేలు తిన్నది. నీళ్లు తిన్నవి. ఇరవై ఏళ్లుగా తనకు తెలిసిన మాటే, నోరు ఒక్కటే కొత్తది. తీగను బుచ్చయ్య చేతిలోంచి లాక్కున్నాడు, రెండో చేత్తో సంచి ఎత్తుకున్నాడు, ఒక్క అడుగులో బయటపడి తలుపుకు గొళ్లెం పెట్టాడు.

"అన్నా! ఏయ్! ఏం పరాచికం ఇది?"

ముట్టుకోనని డాక్టరమ్మకు ఇచ్చిన మాట గుర్తుంది. కానీ ఆ మాట మిస్త్రీ సంచి గురించి ఇచ్చాడు, దొంగ సంచి గురించి కాదు. వసారాలో కూర్చుని విప్పాడు. అడుగున పాత కాగితంలో చుట్టి, సుతిలితో కట్టి ఉంది. బొటనవేలంత లావు, మోచేయంత పొడవు, వెండిలా తెలుపు.

దొరికింది. నూనెకని తనను పంపి ఈ పని చేశాడన్నమాట. తల మీద గంట్ల కోసం చూశాడు. లేవు. నున్నగా ఉంది. వెంటనే జవాబు కూడా తోచింది: రుద్ది పోగొట్టాడు. గంట్లు రుద్దేవాడంటే మామూలు దొంగ కాదు.

స్నానాల గది వెంటిలేటరు వీధిలోకి ఉంది. బుచ్చయ్య కేకలకు యాదమ్మ గంప దించి వచ్చింది.

"చెన్నన్నా, లోపట ఎవలు మొత్తుకుంటున్రు?"

"దొంగ."

"దొంగకు తానం పోస్తున్నవా ఏంది?"

"అమ్మా, నేను దొంగను కాదు!" వెంటిలేటరులోంచి బుచ్చయ్య గొంతు. "భువనగిరి మిస్త్రీని! గది కొత్త కడ్డీ! పాతదాని జాగల పెట్టేటందుకు తెచ్చిన!"

"తెచ్చినోనివి పొద్దుగాల ఎందుకు చూపియ్యలే?" అని అరిచాడు చెన్నయ్య.

"నువ్వడిగితే గదా!"

"మరి పాతది యాడబాయె?" యాదమ్మ అడిగింది.

"నీళ్లు తిన్నయి!"

అప్పటికి పదిమంది పోగయ్యారు. అందరూ ఒక్కసారే నవ్వారు.

"మా ఇంట్ల బిందె నా పెండ్లప్పటిది" అంది యాదమ్మ. "నీళ్లు దాన్ని కొరికింది లేదు, నాకింది లేదు. డాక్టరమ్మ నీళ్లకే గింత ఆకలా?"

బుచ్చయ్య తలుపు బాదాడు, బతిమాలాడు, తిట్టాడు, చివరకు ఊరుకున్నాడు. వీధి ఊరుకోలేదు. భువనగిరి వాళ్లందరూ ఇంతేనన్నారొకరు. మొహం చూసినప్పుడే అనుకున్నానన్నారింకొకరు, ఆ మొహాన్ని అసలు చూడకుండానే. చెన్నయ్య కొత్త కడ్డీని ఒళ్లో పెట్టుకుని, పాత తీగను చేత పట్టుకుని మూడు గంటల దాకా కదలలేదు.

నిర్మలమ్మ వచ్చి గుంపును చూసింది, సంచిని చూసింది. గొంతు పెంచలేదు.

"తలుపు తియ్యి."

చెన్నయ్య తీశాడు. బుచ్చయ్య చెమటతో తడిసి బయటికి వచ్చి, ఎవరినీ చూడకుండా వసారా మెట్టు మీద కూలబడ్డాడు. ఆమే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తర్వాత చెన్నయ్య వైపు తిరిగింది.

"ఆ కడ్డీని తిననిచ్చేందుకే పెడతారు. అది ఉన్నంతకాలం నీళ్లు దాన్ని తింటాయి, తొట్టి జోలికి పోవు. అది అయిపోతే తొట్టిని తింటాయి. అందుకే ఎర్ర నీళ్లు వచ్చినయి."

చెన్నయ్య తల దించుకున్నాడు గాని ఒప్పుకోలేదు. డాక్టరమ్మ అబద్ధం చెప్పదు. ఆమెకే ఎవరో అబద్ధం చెప్పి ఉంటారు.

బుచ్చయ్యకు అది కనిపించింది. "అన్నా, గొర్లు కాసినోనివని ఇందాక వాడోళ్లు అంటుంటె విన్న. మందకు రోగమొస్తే ఏం జేస్తరు? ఒక్క పొట్టేలును పోచమ్మకిస్తరు, కడమ మందను ఇడిచిపెట్టమని. గిది గా పొట్టేలు."

"పోచమ్మకిచ్చిన పొట్టేలు తల మా కండ్ల ముంగట ఉంటది" అన్నాడు చెన్నయ్య. "చెవి మీద గంటుంటది. దీని చెవి చూపియ్యి, నమ్ముత."

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. నిర్మలమ్మ నవ్వలేదు. చెన్నయ్య చేతిలోని తీగను తీసుకుని, దాని పైకొసను వెలుతురుకు తిప్పింది. ఆరు పలకల తల. నాలుగేళ్లు నీళ్లు ఊరి ఊరి దాని మీద సున్నం, తుప్పు కలిసి చిప్పలా కట్టాయి. దాన్ని బుచ్చయ్యకు ఇచ్చింది.

"గీకు."

బుచ్చయ్య చాకుతో గీకాడు. పెచ్చులు రాలాయి. ఒక గంటు కనిపించింది. ఇంకాస్త గీకితే దాని పక్కనే రెండోది.

యాదమ్మ మెడ చాచి చూసి, చప్పుడు చేయకుండా గంప ఎత్తుకుంది. ఇందాక మొహం గురించి చెప్పినాయన కూడా జారుకున్నాడు.

చెన్నయ్య ఆ గంట్ల మీద వేలు పెట్టి చూశాడు. భీమయ్య కనీసం చెవి దొరకక అన్నాడు. తను చెవిని చేతిలో పట్టుకుని అన్నాడు. పొద్దంతా పట్టుకున్నాడు, ఒక్కసారి తిప్పి చూడలేదు.

బుచ్చయ్య పానాలు సంచిలో వేసుకుంటున్నాడు.

"కొత్తది బిగించవా?" నిర్మలమ్మ అడిగింది.

"బిగిస్తనమ్మా. మీ నీళ్లతోటి నాకేం పగ? బిగించి పోత. కని గీ వాడ చూసింది. రైలుబండ్ల భువనగిరోళ్లు ఉంటరు. రేపు మా కాడ బుచ్చయ్యను ఆలేరుల దొంగతనానికి తానాల గదిల ఏసిన్రంటరు. ఇంకెవలు నన్ను ఇంట్లకు పిలుస్తరు?"

చెన్నయ్య నడుముకున్న తాళాలు విప్పి నిర్మలమ్మ ముందు పెట్టాడు. ఆమె వాటిని ముట్టుకోలేదు.

"తాళాలు ఇస్తే అతని మీద పడ్డ మాట పోతుందా?" అంది.

బుచ్చయ్య కొత్త కడ్డీ మరలకు జనుపనార చుట్టి, తెల్లటి సఫేదా ముద్ద పూసి బిగించాడు. ఈసారి గుమ్మంలో ఎవరూ నిలబడలేదు. నీళ్లు నింపి, కారడం లేదని చూసుకుని బయటికి వచ్చేసరికి చెన్నయ్య సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర ఉన్నాడు.

"నా సంచి."

"నేను మోస్త. నడువు."

మొదట యాదమ్మ గంప ముందు ఆగాడు. "యాదమ్మా, మిస్త్రీ దొంగ కాదు. తప్పు నాది." గొంతు వీధి చివరి దాకా వినిపించింది. యాదమ్మ వంకాయలు సర్దుతూ తల ఊపింది. తర్వాత చాయ్ హోటలు. తర్వాత బియ్యం దుకాణం. గూడ్సు షెడ్డు దగ్గర తన పాత హమాలీ దోస్తులు మూటల మీద కూర్చుని ఉంటే అక్కడా ఆగాడు.

"ఈయన బుచ్చయ్య. భువనగిరి. దొంగ కాదు."

"దొంగనా? ఎవలు దొంగ? ఏం పోయింది?" అని వాళ్లు లేచి నిలబడ్డారు.

బుచ్చయ్య అతడి చెయ్యి పట్టి లాగాడు. "అన్నా, నీ కాల్మొక్కుత! వీళ్లకు అసలు తెల్వనే తెల్వది. నువ్వే చెప్పవడితివి!"

"రేపు తెలుస్తది" అన్నాడు చెన్నయ్య. "ఎవడన్న చెప్పేకంటె ముంగట నేనే చెప్పాలె."

"ఇగ చాలు తియ్యే!"

"చాలో చాలదో నాకెరుక. నువ్వు గా బెంచీ మీద కూసో, బండికింక యాళ్ల ఉన్నది."

సంచి బుచ్చయ్య పక్కన దించి, తువ్వాలతో మొహం తుడుచుకుని, చెన్నయ్య స్టేషన్ మాస్టరు గది మెట్లెక్కాడు.