మా ఇంట్లో పొదిగిన గుడ్లు

దయ్యాలనీ శాపాలనీ క్లాసులో ఎవరైనా అంటే నేను నవ్వి వదిలేసేవాణ్ని కాదు, రుజువు అడిగేవాణ్ని. షార్జాలో బయాలజీ మాస్టరుగా చాలా ఏళ్లుగా అదే నా అలవాటు. ఇప్పుడు నన్ను అడిగితే చూసింది చెప్పగలను, కారణం చెప్పలేను.

మా అమ్మాయి అబుదాబి వైపున్న రువైస్ నుంచి పురిటికి మా ఇంటికి వస్తోంది. ఆలోపే ఇది రాయాలి.

ఖాదర్‌ది నెల్లూరు. ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పని. మా ఇద్దరికీ పావురాల పిచ్చి. కరోనా తగ్గుముఖం పట్టాక ఆ వర్క్‌షాపు మేడ మీద గూళ్లు పెట్టించాను. గూళ్లు నావి, చాకిరీ అతనిది.

సెలవు రోజుల్లో అక్కడ కూర్చుని, విక్టోరియా రాణి కాలంనాటి ఒక ఇంగ్లిషు ప్రకృతి శాస్త్రవేత్త ఉత్తరాలు అతనికి తెలుగులో చెప్పేవాణ్ని. జీవులు ఎలా మారుతూ వచ్చాయో తేల్చడానికి ఆయన పావురాలు పెంచేవాళ్లకు కూడా ప్రశ్నలు రాసి పంపేవాడు. తల్లిదండ్రులకు తెగిపోయిన అవయవం పిల్లలకు లోపంగా వస్తుందా అన్నది ఆ ప్రశ్నల్లో ఒకటి.

ఖాదర్ కుడిచెయ్యి చాపాడు. చిటికెన వేలి కొన ఎప్పుడో మిషన్‌లో పడి తెగిపోయింది.

"నా కొడుక్కి పది వేళ్లూ ఉండాయి సార్. రాదని మీ దొరకి జాబు రాసేయండి."

"దొర పోయి వందేళ్లు దాటిందయ్యా."

"అయితే తీరిగ్గా చదువుకుంటాడులే."

మేడ మీద అనుమతి లేకుండా పక్షుల్ని పెంచుతున్నారని ఎవరో ఫిర్యాదు చేశారు. వర్క్‌షాపు ముదీర్, అంటే మేనేజరు, మా ఇద్దర్నీ పిలిచి, ఎవరివని అడిగాడు. బడిలో తెలిస్తే నా వీసా ఏమవుతుందోనని భయపడ్డాను. "అన్నీ ఖాదర్‌వే. నేను ఊరికే చూడ్డానికి వస్తుంటాను," అన్నాను. ఖాదర్ నావైపు చూశాడు. కాదనలేదు. అతని వీసా క్యాన్సిల్ చేసి పంపేశారు. చేజేతులా చేసుకున్నాడని ఇక్కడ అందరూ ఇప్పటికీ అంటారు. అది అబద్ధం. చేసింది నేను.

వెళ్లేముందు సంచి సర్దుకుంటూ అన్నాడు: "అన్నీ నావే అన్నారు గదా సార్. సరే. ఇకమీదట మీ ఇంట్లో ఏది పుట్టినా నాదే." నవ్వుతూనే అన్నాడు.

గొడవకు ముందే ఒక తెల్ల పావురాల జంటను మా ఇంటికి తెచ్చుకున్నాను. ఖాదర్ వెళ్లాక అవి మొదటిసారి పొదిగి లేపిన రెండు పిల్లలకూ కుడికాలి బయటి వేలి కొన లేదు. పచ్చిగాయం కాదు, ఎప్పుడో మానిన మొండి. దారం చుట్టుకుని తెగి ఉంటుందన్నాడు పశువుల డాక్టరు. తర్వాతి గుడ్లు పగిలేటప్పుడు పక్కనే కూర్చున్నాను. పెంకులోంచి బయటికి వచ్చేసరికే వేలు అలా ఉంది.

జంటలోనే లోపం ఉందేమోనని, అజ్మాన్‌లో పావురాలు పెంచే స్నేహితుడితో గుడ్లు మార్చుకున్నాను. మా గుడ్లు అతని గూట్లో పొదిగితే పిల్లలు నిక్షేపంగా ఉన్నాయి. అతని గుడ్లు మా ఇంట్లో పొదిగితే అదే కాలు, అదే వేలు. రక్తంలో ఉన్న లోపమైతే గుడ్డుతోపాటు వెళ్లిపోవాలి. ఇది ఇంటిని పట్టుకుంది.

వెళ్లి ముదీర్‌కి నిజం చెప్పాను. "ఖలాస్ మాస్టర్, పాత సంగతి," అన్నాడు. ఖాదర్‌కి ఫోన్ చేసి క్షమించమన్నాను. పావురం పిల్లల వేళ్ల సంగతీ చెప్పాను.

"అయితే వస్తాదని రాసేయండి సార్, మీ దొరకి," అని పెట్టేశాడు.

పావురాలన్నిటినీ ఇచ్చేశాను. గూడు పీకించాను. మొన్న వంటింటి కిటికీ గట్టు మీద ఎక్కడిదో ఊరపావురం పిల్లను లేపింది. ఆ పిల్ల కాలు కూడా చూశాను. అదే వేలు.

తొలి పురుడు పుట్టింట్లోనే అని నా భార్య పట్టుదల. రువైస్‌లోనే ఉండమందాం అంటే, "కూతుర్ని పురిటికి రావద్దనే తండ్రిని మిమ్మల్నే చూస్తున్నానండీ," అంది. కారణం అడిగింది. ఖాదర్ విషయంలో నేనేం చేశానో ఆవిడకు ఇంతవరకూ తెలియదు.

ఇదంతా ఎలా జరుగుతోందో నాకిప్పటికీ తెలియదు. ఈ కాగితాలు ఆవిడ చేతికే ఇస్తాను. పక్కగదిలో ఉయ్యాల కడుతోంది.