పచ్చి కొబ్బరి వాసాలు

మొన్నటి గాలివానకి మా పక్కింటివాళ్ల పాత పెంకుటింటి కప్పు ఒకవైపంతా లేచిపోయింది. వాన వెలిసిన రెండ్రోజులకి ఆ ఇంటి కోడలు, కొత్తగా సంసారం నెత్తికెత్తుకున్న పిల్ల, చేతిలో ఓ కాగితం పట్టుకుని మా అరుగెక్కి, రావులపాలెం నుంచి పిలిపించిన మేస్త్రి వేసిన లెక్క ఇది, ఇంత అవుతుందంటారా పిన్నిగారూ, మీరూ ఒకప్పుడు చేయించారట కదా అని అడిగింది. నేను కళ్లజోడు వెతుక్కునేలోగా, పడక్కుర్చీలో పేపరు చూస్తున్న మావారు తలెత్తకుండానే అందుకున్నారు.

"ఎంతవుద్దని కాదమ్మా, ఎవడి చేతిలో పెడతన్నావో చూసుకో. మాకు చేసేడు ఒకడు. ఆడిలాంటోడికి మాత్రం ఇవ్వకు."

తుఫాను కబురు వచ్చినప్పుడల్లా ఆయన ఈ మాట అంటూనే ఉంటారు. విన్నప్పుడల్లా నేను ఏదో పని వంక పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోతూనే ఉంటాను. మొన్నా అంతే, కాఫీ కలుపుతానని లేచిపోయాను. ఇంతకాలం దాచిన సంగతి ఇప్పుడు నా ఈడువాళ్లతో చెప్పుకుంటున్నాను.

తొంభైలలో వచ్చిన ఆ పెద్ద తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మాది కాట్రేనికోనకి కాస్త ఇవతల ఊరు. సముద్రం వైపు ఊళ్లలో మనుషులే పోయారు గనక, కప్పు మాత్రమే పోయిన మాలాంటివాళ్లకి పైకి ఏడ్చే హక్కు కూడా లేకపోయింది. మా మామగారు బతికుండగా తన చేత్తో పాతిన అరెకరం కొబ్బరితోటలో నిలబడి మిగిలిన చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడి ఉండేవి. పిందెలతో సహా పడిన చెట్టుని చూస్తే పసిబిడ్డతో పడిపోయిన మనిషిని చూసినట్టుండేది నాకు. ఇంటి మీద బంగాళా పెంకులు సగానికి పైగా పొడైపోయాయి, మామగారు వేయించిన తాటి వాసాలు విరిగి నడవలో గుచ్చుకుని ఉన్నాయి. అత్తగారూ, నేనూ, ఆరేళ్ల మా అమ్మాయీ వంటింటి మూల మీద బరకం పట్టా కప్పుకుని అందులో కాపురం పెట్టాం.

మావారు అప్పుడు మస్కట్‌లో ఉండేవారు. ఆ రోజుల్లో రొయ్యల చెరువులు మా వైపు ఎంతమందిని ఊరించాయో, తెల్లమచ్చ తెగులు వచ్చి ఎంతమందిని ముంచిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎకరం వరిచేను తవ్వించి చెరువు చేసిన పుణ్యానికి ఆయన డ్రైవరు వీసా మీద దేశం దాటాల్సివచ్చింది. వేసవికి ఒప్పందం అయిపోతుంది, ఇక మళ్లీ సంతకం పెట్టను, వచ్చి కొబ్బరికాయల వ్యాపారం చూసుకుంటాను అని ప్రతి ఉత్తరంలోనూ రాసేవారు. మా అమ్మాయికి నాన్న అంటే శుక్రవారం మధ్యాహ్నం ఫోను బూత్‌లో వినిపించే గొంతు మాత్రమే. ఆ గొంతుకి ఒక మొహం ఉంటుందని దానికి చూపించాలని నాకు ఎంత ఆరాటంగా ఉండేదో.

మా ఇంటికో మేస్త్రి ఉండేవాడు. మామగారి నాటి నుంచీ అతనే. ఏటా తొలకరికి ముందు వచ్చి, చెవి మీద బీడీ పెట్టుకుని, ఒక్క పెంకు చిట్లకుండా కప్పంతా తిరిగి, పగిలినవి మార్చి, జారినవి సర్ది దిగేవాడు. తుఫాను వెలిసిన నాలుగోరోజుకి మేం కబురు చేయకుండానే వచ్చాడు. పైకెక్కి చూసి, దిగి, అరుగు మీద కూర్చుని లెక్క చెప్పాడు. అన్ని ఊళ్ల కప్పులూ ఒకేసారి పోయాయి గనక పెంకు ధర రెండింతలైంది. రాజమండ్రి నుంచి తేవడానికి లారీ దొరకదు, దొరికినా చెప్పినంత ఇవ్వాలి. కూలీ కూడా అలాగే పెరిగింది. అన్నిటికన్నా ముఖ్యం వాసాలు. చేవ ఉన్న తాటి వాసాలకి బంగారం ధర చెబుతున్నారు. అతను చెప్పిన మొత్తం వింటూ నేను మనసులో దాన్ని రూపాయల్లో లెక్కపెట్టలేదు, మస్కట్ సంవత్సరాల్లో లెక్కపెట్టాను. మరో రెండేళ్ల ఒప్పందమయింది.

వాసాల ఖర్చు తగ్గితే ఆ రెండేళ్లూ తగ్గుతాయి. తోటలో చెట్లు పడి ఉన్నాయి, ఊరికే ఇస్తామన్నా పట్టుకెళ్లే నాథుడు లేడు. అవే కోయించి వాసాలు చేయమన్నాను. మేస్త్రి చెవి మీది బీడీ తీసి వెలిగించుకున్నాడు.

"పచ్చికర్రండి ఇది. కాలవలో పడేసి ఆర్నెల్లు నానబెట్టి, ఆపైన నీడన ఆరబెడితే అప్పుడు పనికొచ్చుద్దండి. ఇప్పుడెక్కిస్తే పురుగు వదలదండి. ఈ యేటికి తాటాకు కప్పేసుకోండమ్మగారూ, కర్ర ఆరేక నేనే వచ్చి ఎక్కిత్తాను."

ఎంత మంచి సలహా! కానీ తాటాకు కింద మేం ఉన్నామని తెలిస్తే మావారు అక్కడే సంతకం పెట్టేస్తారని నా భయం. నేను పట్టుబట్టాను. ఇప్పుడే ఎక్కించమన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఈ మాట అయ్యగారి దాకా వెళ్లకూడదని కూడా చెప్పాను. అతను తలపాగా విప్పి దులుపుకుని, "ఆయ్, మీ ఇష్టమండి" అన్నాడు. తన చేతనైనంతలో పురుగు పట్టకుండా తారు పూసి, రెండు వాసాలు పట్టేచోట మూడు వేసి, పనిలో మాత్రం ఏ లోపమూ చేయలేదు. ఆ శుక్రవారం ఫోనులో ఎంతవుద్దో ఉన్నదున్నట్టు చెప్పమని మావారు అడిగితే, "మీరు పంపినదాంతోనే అయిపోయిందండీ, మీరొచ్చేయండి" అన్నాను.

వేసవిలో వచ్చారు. తన నాన్న తోటలోని చెట్లు తన తలమీద కప్పయ్యాయని తెలిసి మురిసిపోయి, వచ్చినవాళ్లందరికీ చూపించారు. అమ్మాయిని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని కొబ్బరి దింపులకి తిరిగేవారు. మూడేళ్లు. నా కాపురంలో మంచి రోజులంటే నేను ఆ మూడేళ్లే చెబుతాను.

అప్పటికే వాసాల్లోంచి రాలడం మొదలైంది. తెల్లగా, మెత్తగా, జల్లించిన పిండిలాంటి పొడి మంచాల మీదా బియ్యం డబ్బా మూత మీదా పడేది. మావారు లేవకముందే లేచి చీపురుతో ఊడ్చేసేదాన్ని. నేను ఊడుస్తున్నది ఇంటి కప్పునే అని నాకు తెలుసు. నాలుగో వానాకాలంలో ఒక మధ్యాహ్నం, అందరం వెనక వసారాలో ఉండగా, నడవ మీద కప్పు పెద్దగా చప్పుడైనా లేకుండా కుంగి కిందికి వచ్చేసింది. దేవుడి దయవల్ల మనిషికి దెబ్బ తగల్లేదు.

మేస్త్రిని పిలిపించారు. పురుగు తిన్న వాసాన్ని మావారు చేత్తో నలిపి అతని మొహం ముందు పట్టి, నలుగురూ వింటుండగా, ఇదేనా నీ పనితనం, మా నాన్న నిన్ను నమ్మినందుకు ఇదా అని అడిగారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అతను నా వంక చూస్తాడనుకున్నాను. ఒక్కసారి చూసి ఉంటే నేను చెప్పేసేదాన్నని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అతను చూడలేదు.

"పొరపాటయిపోయిందండి. కర్ర నేను చూసుకోవాల్సిందండి. కూలి లేకుండా మళ్లీ నేసి పెడతానండి."

మా గుమ్మం తొక్కొద్దని పంపేశారు మావారు. ఊళ్లో అందరికీ చెప్పారు. ఆయన మాటంటే మా వీధుల్లో గురి. తొలకరికి ముందు అతని కోసం కాచుకునే ఇళ్లన్నీ ఒక్కొక్కటే అతన్ని పిలవడం మానేశాయి. నేను నోరు విప్పలేదు. విప్పితే మా ఇంట్లో ఏమవుతుందోనన్న భయం కన్నా, ఆయన కళ్లలో పలచనవుతానన్న భయమే ఎక్కువని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడను.

ఈసారి పెంకులు వద్దు, శ్లాబే అన్నారు మావారు. శ్లాబంటే ఇనుమూ సిమెంటూ. అందుకని మళ్లీ మస్కట్. రెండేళ్లన్నది ఆరేళ్లయింది. తిరిగొచ్చేసరికి అమ్మాయి పదో తరగతి దాటింది, ఆయన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది, ఇంటికొచ్చిన పెద్దమనిషిని చూసి లేచినట్టు. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు. నాకూ సయించలేదు.

మేస్త్రి తాటిపాక వైపు మట్టిపనికి పోతున్నాడని విన్నాను. ఒకసారి అమలాపురం బస్టాండులో కనిపించాడు, నడుం వంగిపోయి. అమ్మాయి చదువు అడిగాడు, తరువాత, "శ్లాబు కారట్లేదు కదండీ?" అన్నాడు. కారట్లేదన్నాను. చెప్పాల్సిన మాట కూడదీసుకునేలోగా బస్సొచ్చింది. ఆ మరుసటి ఏడే అతను పోయాడు.

నిన్న పక్కింటి కోడలు మళ్లీ వచ్చింది. లెక్క తట్టుకోలేకపోతున్నాం పిన్నిగారూ, దొడ్లో రెండు కొబ్బరిచెట్లు పడ్డాయి కదా, వాసాలకి అవే కోయించేద్దామంటున్నారు మా ఇంట్లో, అంది. మావారు ఆ కుర్చీలోనే, ఆ పేపరుతోనే ఉన్నారు. నేను వంటింట్లోకి పోలేదు.

"మేస్త్రి ఏం చెబితే అది వినమ్మా. ఖర్చు తగ్గించుకోవాలంటే ఈ యేటికి బరకం కప్పుకోండి గానీ, పచ్చికర్ర మాత్రం ఎక్కించకండి. మా మేస్త్రి నాకా మాట ముందే చెప్పేడు. నేనే వినలేదు. మీ బాబాయిగారికి చెప్పొద్దని కూడా నేనే అన్నాను."

పేపరు కిందికి దిగింది. ఆయన నన్ను తిట్టలేదు. ఆ మధ్యాహ్నం నిద్రపోలేదు. సాయంత్రం చొక్కా వేసుకుని మేస్త్రి ఇంటివాళ్లు ఇప్పుడు ఉండేది ఏ వీధి అని అడిగారు. ఆయన వెనకే నేనూ వెళ్లాను.

రెండు గదుల పెంకుటిల్లు. మొన్నటి గాలికి దాని కప్పూ పోయింది, సగం మీద నీలం పట్టా కట్టి రాళ్లు పెట్టి ఉంది. మేస్త్రి భార్య మమ్మల్ని చూసి కంగారుగా కుర్చీ తెచ్చింది. మావారు కూర్చోలేదు. ఆ పట్టా వంక చూసి, బాగుచేయించడానికి ఎంతవుద్దమ్మా అని అడిగారు.

"ఎంతని చెప్పనండి. ఏటా వానలకి ముందు ఆయనే ఎక్కి సర్దేవోరండి. ఆయన పోయేక దీని మీదికి ఎవరూ ఎక్కలేదండి."

మావారు జేబులో చెయ్యి పెట్టి, మళ్లీ ఖాళీగా తీసేశారు. ఇప్పుడు మా వీధిలో దాదాపు అన్నీ శ్లాబులే, తొలకరికి ముందు ఎవరి కోసమూ ఎవరూ కాచుకోవడం లేదు. ఆ ఇంటికి ఎంతైనా పెడదామని మేమిద్దరం దారిలో అనుకున్నాం. ఒక్క పెంకు చిట్లకుండా ఎక్కి దిగే మనిషి మాత్రం మా చుట్టుపక్కల ఎవరూ మాకు గుర్తు రాలేదు.